వీడియో ఆటలకు నాణ్య పరీక్ష

వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు పత్తి, మిరప విశేషంగా వస్తాయి. అక్కడ సరుకును చూడకుండా ఎవరూ ధర కట్టరు. పత్తిలో తేమ ఎంత ఉన్నదో కొలుస్తారు. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ నూటికి 8 పాళ్లు దాటితే ధరలో కోత పడుతుంది. 12 పాళ్లు దాటితే ఆ పత్తిని తీసుకోరు. మిరపకు పరీక్ష వేరు. కారం కోరేవాడు తేజ రకాన్ని వెదకుతాడు. చపాటా రకంలో కారం తక్కువ, ఎర్రదనం ఎక్కువ. రంగు కోరేవాడికి అదే మేలైన సరుకు. కనుక నాణ్యం నిర్ణయించడానికి రెండు కావాలి: కొలిచే పద్ధతి ఒకటి, సరుకు ఏ పనికి కావలెనో తెలియడం ఒకటి.

ఈ సూత్రం ఆటలకు కూడా వర్తిస్తుంది. టెలివిజనుకు తగిలించి ఇంటిలో ఆడుకొనే యంత్రాన్ని కన్సోలు అంటారు. దానిమీద ఆడే ఆటలలో ఇంటిల్లిపాదికీ తగినది ఏది అనే ప్రశ్నకు సమాధానం వెదకడానికి చాలా ఏండ్లు పట్టినది. మధ్యలో ఒక పరిశ్రమ దాదాపు కూలిపోయినది కూడా.

ఇంటిలోనికి వచ్చిన ఆట

1958లో అమెరికాలోని బ్రుక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయంలో విలియం హిగిన్‌బోథం అనే భౌతిక శాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదం కోసం ఆసిలోస్కోపు తెరమీద టెన్నిసు ఆటను చూపించినాడు. అది ప్రయోగశాల గడప దాటలేదు. ఇంటి టెలివిజనుమీద ఆట ఆడవచ్చునన్న ఆలోచన 1966లో రాల్ఫ్ బేయర్ అనే ఇంజనీరుకు కలిగినది. ఆయన రూపొందించిన యంత్రమే 1972లో 'ఒడిస్సీ' అనే పేరుతో అంగళ్లకు వచ్చినది.

ఒడిస్సీలో మైక్రోప్రాసెసరు లేదు. తెరమీద మూడు వెలుగు చుక్కలు, ఒక నిలువు గీత, అంతే. రంగు లేదు, ధ్వని లేదు, ఎవరు ఎన్నిసార్లు గెలిచినారో లెక్క కూడా అది పెట్టదు. అందువలన పెట్టెలో పాచికలు, ఆట కాగితాలు, తెరకు అంటించే రంగు పలకలు పెట్టి అమ్మినారు. లెక్క ఆటగాళ్లే రాసుకోవాలి. యంత్రం బలహీనమైనదే కాని, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొంటూ ఆడే మన అష్టాచెమ్మాకు అది చాలా దగ్గరగా ఉండినది.

1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ, 1977లో అటారీ సంస్థ మరొక మార్పు తెచ్చినవి. ఆట యంత్రంలో ఇమిడి ఉండక, విడిగా కొని తగిలించే పెట్టెలోనికి వచ్చినది. మన ఇళ్లలో తరువాత దానినే క్యాసెట్టు అన్నారు. యంత్రం ఒకసారి కొంటే చాలు. ఆటలు మాత్రం మాటిమాటికి కొనాలి. ఏది కొనాలి? ఈ ప్రశ్నతోనే ఆటల సమీక్ష పుట్టినది. 1979లో అమెరికాలో 'వీడియో' అనే పత్రికలో బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ కలిసి ఆటల మంచిచెడ్డలు చెప్పే శీర్షిక ప్రారంభించినారు. 1981లో ఆటలకే ప్రత్యేకంగా పత్రికలు వెలసినవి.

గుడ్డి కొనుగోలు తెచ్చిన నష్టం

ఆ పత్రికలు చదివినవారు కొద్దిమంది. మిగిలినవారు పెట్టెమీది బొమ్మ చూచి కొన్నారు. తయారీదారులు తొందరపడి నాసిరకపు ఆటలను అంగళ్లలో గుప్పించినారు. ప్రసిద్ధమైన 'ఇ.టి.' చలనచిత్రం పేరుతో 1982లో వచ్చిన ఆటను సుమారు ఐదు వారాలలో తయారుచేసినారంటే ఆ తొందర అర్థమవుతుంది. అమ్ముడుపోని క్యాసెట్లను 1983లో న్యూమెక్సికో రాష్ట్రంలో గోతిలో పూడ్చినారు. 2014లో తవ్వి చూస్తే అవి బయటపడినవి. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లు ఉండిన అమెరికా వ్యాపారం 1985 నాటికి సుమారు 10 కోట్లకు పడిపోయినదని అంచనా. ఇంటి కంప్యూటర్లతో పోటీ కూడా ఇందుకు ఒక కారణమే. కాని మోసపోయిన కొనుగోలుదారుకు నమ్మకం పోవడం ముఖ్య కారణం.

ఆ నమ్మకాన్ని తిరిగి సంపాదించినది జపానుకు చెందిన నింటెండో సంస్థ. 1983లో జపానులో విడుదలచేసిన యంత్రాన్ని మార్చి 1985లో అమెరికాకు తెచ్చినప్పుడు, అనుమతి లేని ఆటలను యంత్రం తిరస్కరించేటట్లు అందులో ఒక చిప్పు అమర్చినారు. అనుమతించిన పెట్టెలమీద నాణ్య ముద్ర వేసినారు. అయితే అది అమ్మేవాడు పట్టుకొన్న తక్కెడ. బయటివారి తక్కెడ కూడా అవసరం.

1986లో జపానులో వెలువడిన పత్రిక, ఇప్పుడు 'ఫామిత్సు'గా పేరొందినది, దీనికి ఒక మంచి పద్ధతి అనుసరించినది. ఒకే ఆటను నలుగురు వేర్వేరుగా ఆడి, ఒక్కొక్కరు పదికి ఇన్ని మార్కులని ఇస్తారు, మొత్తం నలభై. ప్రయోగశాలలో విద్యార్థి ఒకే పొడవును నాలుగుసార్లు కొలిచి సగటు తీసుకొనడం ఇటువంటిదే. ఒకరి అభిరుచి వలన కలిగే దోషం కొంత తగ్గుతుంది.

వయస్సు గుర్తులు

ఆట బాగున్నదా అనేది ఒక ప్రశ్న. పిల్లలకు తగినదా అనేది వేరొక ప్రశ్న. 1993 డిసెంబరులో అమెరికా సెనేటు 'మోర్టల్ కోంబాట్' వంటి హింసాత్మకమైన ఆటలపై విచారణ జరిపినది. చట్టం వస్తుందన్న భయంతో పరిశ్రమవారే 1994లో ఒక మండలిని స్థాపించి, ఏ ఆట ఏ వయస్సువారికి తగునో పెట్టెలమీద ముద్రించసాగినారు. ఐరోపాలో 2003 నుండి 3, 7, 12, 16, 18 అనే అంకెలు వాడుకలోనికి వచ్చినవి. ఆట మధ్యలో డబ్బు పెట్టి వస్తువులు కొనే వీలు ఉన్నదని తెలిపే గుర్తును 2018లో చేర్చినారు.

ఇక్కడ విద్యార్థులు ఒక భేదం గమనించాలి. పెట్టెమీద 3 అని ఉంటే మూడేండ్ల పిల్లవాడు ఆడగలడని అర్థం కాదు. ఆ వయస్సువాడు చూడరానిది అందులో లేదని మాత్రమే అర్థం. చదరంగంలో కూడా చూడరానిది ఏదీ లేదు; అయినా మూడేండ్లవాడు దానిని ఆడలేడు కదా! ఆట ఎంత కష్టమో, ఎంత రక్తి కట్టిస్తుందో వయస్సు గుర్తు చెప్పదు. అది సమీక్షకుడి పని.

మరి ఇంటిల్లిపాదికి తగిన ఆటకు లక్షణమేమి? అష్టాచెమ్మాలో తాతకు అనుభవం ఉన్నా, గవ్వలు మనుమడివైపు పడవచ్చు. అదృష్టం కొంత కలిసినందువలన పెద్దలకూ పిన్నలకూ ఆట సమానమవుతుంది. 1992లో మొదలైన 'మారియో కార్ట్' పందెపు ఆటలలో ఇదే ఉపాయం వేరొక రూపంలో ఉన్నది: వెనుకబడిన ఆటగాడికి బలమైన సాయం దొరుకుతుంది, ముందున్నవాడికి స్వల్పమైనది దొరుకుతుంది. 2006లో వచ్చిన 'వీ' యంత్రం మరొక అడ్డంకి తొలగించినది. దాని చేతికర్రలో వేగపు మార్పును గుర్తించే పరికరం ఉన్నది. అనేకమైన మీటలు నేర్చుకోనక్కరలేదు. చెయ్యి ఊపితే తెరమీద బంతి కదులుతుంది. ఆ యంత్రాలు పది కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

మన ఇళ్లలో

1990లలో నింటెండో యంత్రానికి అనుకరణలు మన పట్టణాలలో విరివిగా అమ్ముడుపోయినవి. క్యాసెట్టుమీద వందల ఆటలు, వేల ఆటలు అని రాసి ఉండేది. తీరా తగిలించి చూస్తే కొద్దిపాటి ఆటలే స్వల్ప భేదాలతో మళ్లీ మళ్లీ వచ్చేవి. సంఖ్య చూచి కొన్నవారికి నాణ్యం చెప్పేవారు లేకపోయినారు.

నేటికీ చలనచిత్రాలకు ఉన్నట్లు, కన్సోలు ఆటలను ముందుగా పరీక్షించి ధ్రువపత్రమిచ్చే మండలి మన దేశంలో లేదు. పెట్టెలమీద కనిపించేవి విదేశపు గుర్తులు, వివరణ ఇంగ్లీషులో. తెలుగు మాత్రమే చదివే తల్లికి, పత్తి అమ్మిన డబ్బుతో బిడ్డ కోసం ఏమి కొంటున్నదో తెలియదు. పత్తిలో తేమ గురించి వివరంగా అడగగలిగిన ఆమె, ఆట దగ్గర మాత్రం అంగడివాని మాట నమ్మవలసి వస్తున్నది.

ఈ లోటును పాఠశాల కొంత తీర్చగలదు. నలుగురు విద్యార్థులు ఒకే ఆటను విడివిడిగా ఆడి నాలుగు ప్రశ్నలకు తెలుగులో సమాధానం రాయవచ్చు. ఇందులో ఏ వయస్సువారు చూడరానిది ఏమున్నది? ఇంగ్లీషు రాని పెద్దవారు, చిన్నపిల్లలు దీనిని ఆడగలరా? ఓడినవాడు మళ్లీ ఆడదామంటాడా? మధ్యలో డబ్బు అడుగుతున్నదా? తరువాత నలుగురి సమాధానాలను పోల్చి, భేదాలు ఎందుకు వచ్చినవో చర్చించాలి. అప్పుడు ఆటను పరీక్షించడంతో పాటు, పరీక్షించే పద్ధతిని కూడా వారు నేర్చుకొన్నట్లవుతుంది. ఆ నాలుగు కాగితాలు ఇంటికి చేరితే, తరువాత కొనబోయే తల్లికి అవే తక్కెడగా ఉపయోగపడతాయి.