పుష్పక్ గొంతు: చిన్న విమానపు రేడియో పుట్టుపూర్వోత్తరాలు

ఒకప్పుడు నాచారం మేడల మీద నిలబడి ఉత్తరానికి చూస్తే విమానాలు ఒకదాని వెనక ఒకటి పడమటికి దిగుతూ కనిపించేవి. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి తూర్పు నుంచి దిగేవాటికి మౌలాలి వైపే దారి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఆ వరస ఆగింది. అంత పెద్ద విమానాల్లో ఏ రేడియో ఉండాలో తయారీదారులు, విమాన సంస్థలు చూసుకుంటాయి. పాత రెండు సీట్ల విమానాన్ని బాగుచేసి మళ్లీ ఎగరేయాలనుకునే మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఆరు దశాబ్దాల నాటి పుష్పక్‌కు ఈనాటి రేడియో ఏది నప్పుతుందో తానే తేల్చుకోవాలి. అందుకు విమానానికి గొంతు ఎలా వచ్చిందో మొదటి నుంచీ తెలుసుకోవడం మంచిది.

కరెంటు లేని విమానం

బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో వి.ఎం. ఘాటగే బృందం రూపొందించిన పుష్పక్ మొదటిసారి 1958 సెప్టెంబరు 28న ఎగిరింది. అమెరికా ఏరోంకా చీఫ్‌ను పోలిన ఈ విమానానికి పైన రెక్క, గుడ్డ తొడుగు, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్. సుమారు 160 తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరాయి. ఎందరో పైలట్లు ఓనమాలు దిద్దింది వీటిమీదే. పుష్పక్‌కు వాడిన రకం ఇంజన్‌లో స్టార్టరూ లేదు, జనరేటరూ లేదు. ఒకరు ముందు నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితేనే అది అందుకునేది. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలకు బయటి కరెంటుతో పనిలేదు. విమానంలో దీపం వెలిగించాలన్నా, రేడియో పెట్టాలన్నా మాత్రం విద్యుత్తు వేరే తెచ్చుకోవాల్సిందే. పాత విమానానికి రేడియో ఎంచుకోవడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

వేలాడే తీగలు, మెరిసే దీపాలు

1910 ఆగస్టులో న్యూయార్క్ దగ్గర జేమ్స్ మెకర్డీ ఎగురుతున్న విమానం నుంచి మోర్స్ సంకేతాలు నేలకు పంపాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శతఘ్నుల గురి సరిచేయడానికి విమానాల్లో వైర్‌లెస్ పెట్టారు. ఆనాటి తరంగాల పొడవు వందల మీటర్లు. వాటికి సరిపోయే ఏరియల్ కోసం పొడవాటి రాగి తీగ చివర సీసపు గుండు కట్టి, గాల్లోకి లేచాక కిందికి వదిలేవారు. దిగేముందు దాన్ని మళ్లీ చుట్టుకోవాలి. 1915లో బ్రిటన్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో కెప్టెన్ ప్రిన్స్ బృందం మాటనే గాల్లోకి పంపే ప్రయోగాలు చేసింది. 1917లో అమెరికా సైన్యం కోసం వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ విమానపు రేడియో టెలిఫోన్ తయారుచేసింది. అయినా చాలాకాలం పాటు సెట్ అంటే వాల్వులు, బరువైన బ్యాటరీలు, దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి.

హైదరాబాదులోనూ అదే తీరు. నిజాం స్టేట్ రైల్వే, టాటాల భాగస్వామ్యంలో 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. ఆ రోజుల్లో మన దేశపు డకోటాల్లో పైలట్లతో పాటు మోర్స్ తెలిసిన రేడియో ఆఫీసర్ కూడా కూర్చునేవాడు. చిన్న విమానానికి అంత భారం మోసే శక్తి ఎక్కడిది? టైగర్ మాత్ వంటి శిక్షణ విమానాల్లో గురువు మాట శిష్యుడి చెవికి చేరింది ఒక గొట్టం ద్వారా. టవర్‌తో సంభాషణ దీపాలతో జరిగేది. గాల్లో ఉన్న విమానానికి నిలకడైన ఆకుపచ్చ దీపం చూపితే దిగవచ్చని అర్థం. నిలకడైన ఎరుపు చూపితే ఇతరులకు దారి ఇచ్చి, చుట్టూ తిరుగుతూ ఉండాలి. రేడియో పాడైనప్పుడు పనికొచ్చేవి నేటికీ ఆ సంకేతాలే. ప్రతి పైలట్ వాటిని నేర్చుకోవాలి.

పంచుకున్న ఆకాశం

1940లో బ్రిటిష్ యుద్ధ విమానాల్లోకి టీఆర్ 1133 అనే వీహెచ్‌ఎఫ్ (అత్యధిక పౌనఃపున్య) సెట్ వచ్చింది. నాలుగు బటన్లు, నాలుగు ఛానెళ్లు. ఒక్కో ఛానెల్‌కు ఒక్కో స్ఫటికం. ఆ నాలుగూ కాక వేరే ఛానెల్ కావాలంటే నేల మీద స్ఫటికమే మార్చాలి. చిన్న విమానాలకు ఇందులో కలిసొచ్చింది ఏరియల్. తరంగం రెండు మీటర్ల పైచిలుకుకు దిగడంతో అందులో నాలుగో వంతు, అంటే సుమారు 60 సెంటీమీటర్ల కడ్డీ చాలు. వేలాడే తీగ గొడవ తీరిపోయింది. అయితే వీహెచ్‌ఎఫ్ తరంగం చూపు సాగినంత మేరకే వెళుతుంది. వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్న విమానానికి అది 70 కిలోమీటర్ల పైమాట.

యుద్ధం ముగిశాక పౌర విమానాలు కూడా 118 మెగాహెర్ట్జ్ నుంచి పైకి ఉన్న వరసలో స్థిరపడ్డాయి. తరాలు మారేకొద్దీ అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఆ వరసను ముక్కలు చేస్తూ వచ్చారు. 1947లో ఛానెల్‌కూ ఛానెల్‌కూ మధ్య దూరం 200 కిలోహెర్ట్జ్. తరవాత 100, ఆపై 50 అయింది. 1972లో 25కు తగ్గింది. పై హద్దు 137 మెగాహెర్ట్జ్‌కు పెరిగాక 760 ఛానెళ్లు లెక్కతేలాయి. రద్దీ తట్టుకోలేని ఐరోపా 8.33కు కూడా దిగింది. పాత సెట్ ఎంత ముచ్చటగా ఉన్నా దాని ప్రసారం ఈ సన్నని గట్టు దాటి పక్క ఛానెల్ మీదికి పోతే అది ఇతరుల ప్రాణాలతో చెలగాటమే.

మారనిది ఏఎం పద్ధతి ఒక్కటే. సంగీతం కోసం మనం ఎఫ్‌ఎం వింటాం. ఎఫ్‌ఎంలో బలమైన ప్రసారం బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఏఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే టవర్‌లో ఈలలాంటి మోత వినిపిస్తుంది. మరొకరెవరో పిలుస్తున్నారని కంట్రోలర్‌కు తెలిసిపోతుంది. ఆపదలో ఉన్న బలహీనమైన గొంతు మరుగున పడకూడదన్న ఆలోచన ఈ పద్ధతిలో ఉంది.

మన తూర్పు శివారు

వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చి, వరసగా స్ఫటికాలు పెట్టాల్సిన అవసరం తీరిపోయి, సెట్ అరచేతిలోకి కుదించుకుపోయిన కాలంలోనే హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ నగరమైంది. 1965లో మిగ్-21 ఎలక్ట్రానిక్స్ కోసం బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ విభాగం వచ్చింది. కమ్యూనికేషన్ సెట్లు, రేడియో ఆల్టిమీటర్లు అక్కడ తయారయ్యాయి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ఉత్తరానికి వెళితే ఈసీఐఎల్ చౌరస్తా, దాని పక్కనే ఆయన పేరిట వెలసిన ఏఎస్ రావు నగర్ వస్తాయి.

ఇక ఎంపిక

చరిత్ర చెప్పిన వరసలోనే చూసుకుంటూ పోవాలి. ముందు విద్యుత్తు. నేటి ఆరు వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు సుమారు రెండు ఆంపియర్లు, వినేటప్పుడు అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది. పది నిమిషాల్లో ఒక నిమిషం మాట్లాడతామనుకుంటే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద పది గంటలకు పైగానే వస్తుంది. వయసు మళ్లిన బ్యాటరీ అందులో సగమే ఇస్తుందనుకున్నా ఒక రోజు ఎగరడానికి చాలు. జనరేటర్ లేని లోటు అలా తీరుతుంది.

తరవాత చోటు. 57 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రంలో ఇమిడే సెట్లు దొరుకుతున్నాయి. పాత గడియారం చోట ఒకటి బిగించుకుంటే ప్యానెల్ కోయనక్కర్లేదు. చేతిలో పట్టుకునే సెట్ అదనపు ధైర్యానికి బాగుంటుంది. దాన్నే నమ్ముకుంటే మాత్రం బయట ఏరియల్ పెట్టి తీరాలి.

ఏరియల్ దగ్గర పాత విమానం పరీక్ష పెడుతుంది. కడ్డీ కింద లోహపు తలం ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. పుష్పక్ ఒళ్లు గుడ్డ. అందుకే తొడుగు లోపల అల్యూమినియం రేకో, నలువైపులా పరిచిన తీగలో ఉండాలి. ఇంకో పరీక్ష మాగ్నెటోలది. ప్రతి స్పార్క్ ప్లగ్ ఒక చిన్న ప్రసార కేంద్రమే. ప్లగ్గులకూ వాటి తీగలకూ లోహపు తొడుగు లేకపోతే ఇంజన్ వేగంతో పాటు పెరిగే టకటక శబ్దం హెడ్‌సెట్ నిండా నిండిపోతుంది. ఎంత ఖరీదైన సెట్ కొన్నా ఆ మోత ఆగదు. డబ్బు ముందుగా ఖర్చు పెట్టాల్సింది ఆ తొడుగుల మీదే.

చివరగా కాగితాలు. సెట్‌కు ఆమోదం, ప్రసారానికి లైసెన్సు, పైలట్‌కు రేడియోలో మాట్లాడే అర్హత తెలిపే ఆర్‌టీఆర్ ధ్రువపత్రం ఉండాలి. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త విమానయాన చట్టం ఆ ధ్రువపత్రం బాధ్యతను టెలికాం శాఖ నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు అప్పగించింది. 25తో పాటు 8.33 కిలోహెర్ట్జ్‌లోనూ పనిచేసే సెట్ తీసుకుంటే నిబంధనలు మారినా మళ్లీ కొనే పని ఉండదు.

పాత విమానాన్ని పాతగానే ఉంచాలన్న ప్రేమ గౌరవించదగ్గది. గుడ్డ, గొట్టాలు, చెక్క ప్రొపెల్లర్ 1958 నాటివిగానే ఉండనివ్వండి. గొంతు మాత్రం ఈ రోజుదై ఉండాలి. ఎందుకంటే ఆ ఆకాశంలో ఎగిరేది మనం ఒక్కరమే కాదు. యుద్ధ విమానానికి రేడియోలు చేసిన ఈ నగరానికి చిన్న విమానపు సెట్ ఒకటి తయారుచేయడం శక్తికి మించిన పని కాదు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లోని యువ ఇంజనీర్లు ఆ పనికి పూనుకోవాలి.