శిలాక్షరం నుంచి చిత్రదస్త్రం దాకా

జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి వారి రాజధాని కొల్లాపూర్. ‘చంద్రికాపరిణయ’ కర్త మాధవరాయలు ఆ వంశీయుడే. శ్రీశైలం జలాశయం కృష్ణాతీరాన్ని ముంచేముందు అక్కడి గుళ్ళను రాయి రాయిగా విప్పి తరలించారు. సోమశిల సోమేశ్వరుడు గట్టెక్కాడు, మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపూరుకే వచ్చాడు. గుడిని తరలించవచ్చు. మునిగిన ఊరికి మాత్రం పాత చిత్రమే దిక్కు. కనుక చిత్రాన్ని ఏ రూపంలో దాచాలన్నది చరిత్ర ప్రశ్నే.

శాసన పరిశోధకులు దీనికి ఏనాడో జవాబు చెప్పారు. రాతిపై తడికాగితం పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్దుతారు. చెక్కిన అక్షరం తెల్లగా, మిగిలినదంతా నల్లగా వస్తుంది. నడుమ ఛాయలుండవు. నలుపో తెలుపో తేలిపోవాలి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మన పాత పుస్తకాల పుటలను టిఫ్ దస్త్రాలుగా దాచింది. ఒక్కొక్క పుటే తెరుచుకుంటుంటే విసుక్కున్నవారు మనలో ఎందరో! కానీ 1986లో పుట్టిన ఆ టిఫ్, చుక్కైనా పోగొట్టకుండా కుదించగలదు. నలుపు తెలుపుల పుటకు అందులో వాడే పద్ధతి ఫ్యాక్సు యంత్రాల కోసం పుట్టినది.

1992లో ప్రమాణమైన జేపెగ్ దారి వేరు. చిత్రాన్ని ఎనిమిదింటికి ఎనిమిది చుక్కల గళ్ళుగా విడదీసి, కంటికి ఆనని వివరాన్ని వదిలేస్తుంది. గోపురానికి, కృష్ణ నీటికి, ముఖాలకు అది చక్కనిదే. అక్షరాల అంచుల్లో మాత్రం మరకలు మిగులుస్తుంది. దిద్ది భద్రపరచిన ప్రతిసారీ మరికొంత పోతుంది. గట్టిగా కుదిస్తే ఒత్తుగీత చెరిగి ‘ధార’ కాస్తా ‘దార’ అవుతుంది. నీటి ధార ఇల్లాలైపోతే అర్థం చెప్పేదెవరు?

1987 నాటి గిఫ్‌కు 256 రంగులే హద్దు. దాని కుదింపు పద్ధతిపై పేటెంటు తగవు రేగగా, 1996లో పీఎన్‌జీ వచ్చింది. దీనికి ఆ రంగుల హద్దు లేదు, ఏదీ పోగొట్టదు. గీతలకు, పటాలకు, అచ్చుపుటలకు తగినది.

నా సలహా ఇంతే. తాళపత్రాన్నో శాసనాన్నో పట్టినప్పుడు మూలప్రతిని టిఫ్‌లోనో పీఎన్‌జీలోనో దాచండి. పదిమందికి పంపడానికి దాని నుంచి జేపెగ్ నకలు తీయండి. నకలు నుంచి నకలు తీయకండి. పూర్వపు లేఖకుల చేతుల్లో పాఠాలు చెడినదీ అలాగే కదా!