ముప్పై లక్షల మైళ్ల ఎర్ర వోల్వో

స్పోర్ట్స్ కారంటే ఆదివారం పూట కవరు తీసి, తుడిచి, ఓ చుట్టు తిప్పి మళ్లీ షెడ్డులో పెట్టే బండి అన్న పేరు ఎప్పటినుంచో ఉంది. అయితే బాడుగలకు తిరగకుండా, ఒకే యజమాని చేతిలో అత్యధిక దూరం నడిచిన వాహనంగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది మాత్రం అలాంటి రెండు తలుపుల కారే. అది 1966 నాటి ఎర్ర రంగు వోల్వో 1800ఎస్. యజమాని ఇర్వ్ గోర్డన్ న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలండ్‌లో సైన్సు మాస్టారు.

స్పోర్ట్స్ కార్లలో వోల్వోకు తొలి అనుభవం చేదుగానే మిగిలింది. 1950ల నడుమ ఫైబర్‌గ్లాస్ బాడీతో పీ1900 అనే మోడల్‌ను తెచ్చింది. 1956లో కంపెనీ పగ్గాలు చేపట్టిన గున్నార్ ఎంగెలావ్ దాన్ని స్వయంగా నడిపి చూసి తయారీ ఆపించేశారు. అప్పటికి 70 కార్లు కూడా పూర్తికాలేదు. రెండో ప్రయత్నం పీ1800. దాని రూపం గీసింది ఇటలీలోని ఫ్రువా డిజైన్ శాలలో పనిచేస్తున్న స్వీడన్ యువకుడు పెల్లె పెటర్సన్. 1960లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన ఈ కారు 1961 నుంచి తయారైంది. సొంత ఫ్యాక్టరీలో చోటు లేక బాడీలు స్కాట్లాండ్‌లో, బిగింపు ఇంగ్లండ్‌లోని జెన్సన్ కర్మాగారంలో చేయించారు. పనితనం కంపెనీకి నచ్చలేదు. 1963లో బిగింపు పనిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు తరలించారు. పేరు చివర చేరిన ‘ఎస్’ స్వీడన్‌కు గుర్తు. ఈలోగా ‘ది సెయింట్’ టీవీ సీరియల్‌లో రోజర్ మూర్ తెల్ల పీ1800 నడపడంతో దానికి సినిమా హీరో కారన్న పేరొచ్చింది.

పైకి ఎంత సోకున్నా లోపల మాత్రం అది సంసారపక్షం బండే. ఇంజను, గేరుబాక్సు వంటి ముఖ్య భాగాలు అదే కంపెనీ కుటుంబ కారు అమెజాన్‌తో ఉమ్మడి. 1,778 సీసీ బీ18 ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ను ఐదు మెయిన్ బేరింగులు మోస్తాయి. ఆనాటి నాలుగు సిలిండర్ల ఇంజన్లు చాలావాటిలో ఉన్నవి మూడే. పొడుగాటి దూలం కింద మూడు స్తంభాలకు బదులు ఐదు నిలిపినట్టన్నమాట. దూలం వంగదు, కుదుపు తగ్గుతుంది, అరుగుదలా తగ్గుతుంది. శక్తి సుమారు 100 హార్స్‌పవరే. పరుగు పందెంలో గెలిచే సరుకు కాదు. ఇంజన్‌ను పిండి శక్తి రాబట్టాలన్న తాపత్రయం లేకపోవడమే దానికి ఆయుష్షు పోసింది.

గోర్డన్ ఈ కారును 1966 జూన్ 30న 4,150 డాలర్లకు కొన్నారు. అది దాదాపు ఆయన ఏడాది జీతం. నాలుగు రోజులు తిరక్కముందే 1,500 మైళ్లు తిప్పి, మొదటి సర్వీసుకు తిరిగొచ్చారు. బడికి రానూపోనూ రోజుకు 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. పదేళ్లలో ఐదు లక్షల మైళ్లు తిరిగారు. 1987లో మీటరు లెక్క పది లక్షల మైళ్లకు, 2002లో ఇరవై లక్షలకు చేరింది. 2013 సెప్టెంబర్ 18న అలాస్కాలోని సీవర్డ్ హైవే మీద ముప్పై లక్షలు నిండాయి. కిలోమీటర్లలో 48 లక్షల పైమాటే; చందమామ దాకా ఆరుసార్లు వెళ్లొచ్చినంత దూరం.

ఇందులో మంత్రమేమీ లేదు. కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే సర్వీసింగ్, మూడు మూడున్నర వేల మైళ్లకోసారి ఆయిల్ మార్పు. ఇంజన్ దించి విప్పింది తొలిసారి 6,80,000 మైళ్ల దగ్గర. మిగతా సగం పుణ్యం ఆ దూరానిదే. చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ అన్ని భాగాలకూ అందేలోపు అరుగుదల ఎక్కువ. వీధి చివరిదాకా వెళ్లొచ్చే బండిలో ఇంజన్ సరిగా వేడెక్కక, చెమ్మ ఆవిరి కాక, ఆయిల్‌లోనే కలుస్తుంది. హైవే మీద గంటల తరబడి ఒకే వేగంతో సాగే బండికి ఆ బెడద తక్కువ. కవరు కింద నెలల తరబడి నిద్రపోయే కారులో రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. తక్కువ తిరిగిన బండి అని ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు ముందుగా పెట్టే ఖర్చు వీటిమీదే.

పీ1800 వంశం 1973తో ఆగిపోయింది. గోర్డన్ 2018 నవంబర్‌లో చైనా యాత్రలో ఉండగా, 78వ ఏట కన్నుమూశారు. అప్పటికి ఆయన కారు 32 లక్షల మైళ్లు దాటింది.