మీటల పలక: యంత్రలేఖనమున నొక పునరుద్ధరణము, తెలుగు లిపికి దాని ప్రయోజనము

గంటము తాటియాకును తాకిన కాలమును, పాళీ కాగితమును తాకిన కాలమును గడచినవి. నేడు అక్షరము పుట్టుచోటు మీట. గంటమును గూర్చియు తాళపత్రమును గూర్చియు మనవారు వ్రాసినంతగా మీటను గూర్చి వ్రాసియుండలేదు. లోకమున అనేక దేశములయందు కొందఱు ఈ మీటల పలకను, అనగా కీబోర్డును, అంగడిలో దొరకినదానితో తృప్తి నొందక, విడిభాగములు తెప్పించి తమ చేతులతో కూర్చుకొనుట నొక వ్యాసంగముగా పెట్టుకొనియున్నారు. చూపులకు వినోదమాత్రముగ దోచు నీ వ్యాసంగమునకు చరిత్ర కలదు. పరభాషా ప్రాంతములలో బిడ్డలకు తెలుగు లిపి నేర్పవలసినవారు దానినుండి గ్రహింపదగిన ప్రయోజనమును కలదు. ఆ రెంటిని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

అమెరికాలోని మిల్వాకీ నగరవాసి క్రిస్టఫర్ లాథం షోల్స్ తన సహచరులతో గూడి 1868లో టైపు యంత్రమునకు పేటెంటు పొందెను. 1874లో రెమింగ్టన్ సంస్థ దానిని విపణికి దెచ్చెను. నేటి కీబోర్డుపై నున్న ఆంగ్లాక్షరముల వరుస స్వల్పభేదములతో ఆ యంత్రమునుండి సంక్రమించినదే. మన దేశమున గోద్రెజ్ సంస్థ 1955లో స్వదేశీయమగు టైపు యంత్రమును నిర్మించెను. రోమను లిపికి సరిపడిన ఆ చట్రములో తెలుగు లిపి యిముడుట సులభము గాలేదు. నలువది చిల్లర మీటలు, మీట కొక్కింటికి రెండు రూపములు. మొత్తము నూఱు రూపములైనను లేవు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, వత్తులు, అంకెలు అన్నియు అందులోనే సర్దుకొనవలెను. వత్తు అక్షరము క్రిందనే పడవలెను గావున, కొన్ని మీటలు నొక్కినపుడు బండి ముందునకు జరుగకుండునట్లు ఏర్పాటు చేసిరి. యంత్రమునకు లిపి లోబడిన కాలమది.

కంప్యూటరు వచ్చినపిమ్మట మీట క్రింది యుక్తి మాఱినది. ఐ.బి.ఎం. సంస్థ 1981లో వెలువరించిన చిన్న కంప్యూటరు కీబోర్డునందును, 1985లో వచ్చిన ‘మాడల్ ఎం’ నందును ప్రతి మీట క్రిందను ఒక సన్నని స్ప్రింగు ఉండెను. మీటను నొక్కగా అది కొంతవఱకు ముడుచుకొని, అకస్మాత్తుగ ప్రక్కకు వంగును. ఆ వంపు టక్కని పలికి, అక్షరము చేరెనని వ్రేలికి దెలుపును. అదే దశాబ్దమున జర్మనీలో చెర్రీ సంస్థ ‘ఎం.ఎక్స్.’ అను స్విచ్చిని రూపొందించెను. ఇందులోని మీట మొత్తము 4 మిల్లీమీటర్లు దిగును. 2 మిల్లీమీటర్లు దిగగనే అక్షరము పోవును. వీనికి రంగులే గుర్తులు. ఎఱ్ఱనిది నున్నగా దిగును, గోధుమరంగుది నడుమ చిన్న తడబాటు చూపును, నీలిది శబ్దము చేయును.

కంప్యూటరు ధర తగ్గినకొలది తయారీదారుల పొదుపు కన్ను మీటలపై బడెను. వేఱువేఱు స్విచ్చులకు బదులు, బుడిపెలుగల ఒకే రబ్బరు పొరను మీటలన్నిటి క్రిందను పఱచిరి. వెల తగ్గినది. కాని వ్రేలు మీటను అడుగంట నొక్కిననే గాని అక్షరము పడదు; రబ్బరు అలసినపిమ్మట బాగుచేయుటకును వీలులేదు. సోలాపురమునకు వలసవచ్చి మగ్గముపై బ్రదికిన పద్మశాలీలకు మిల్లు బట్ట రాకతో నేమి జరిగెనో ఎఱిగినవారి కిది క్రొత్త కథ గాదు.

అయినను పాత పద్ధతి యంతరింపలేదు. ‘మాడల్ ఎం’ తరహా కీబోర్డులను 1996 నుండి కెంటకీ రాష్ట్రమందలి యూనికాంప్ అను చిన్న సంస్థ తయారుచేయుచు వచ్చినది. అదే 1996లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడు వాడా ఏయీతి సంకల్పముతో, అనవసరమగు మీటలను విడిచిన చిన్న కీబోర్డొకటి వెలువడెను. గుఱ్ఱము చచ్చినను రౌతు జీనును విడువడనియు, కంప్యూటరు గుఱ్ఱము వంటిదైన మీటల పలక జీను వంటిదనియు ఆయన అభిప్రాయము. ఎం.ఎక్స్. పేటెంటు గడువు తీఱినపిమ్మట చైనా సంస్థలును అదే కొలతలతో స్విచ్చులు చేయసాగెను. వందలకొలది రకములు దొరకుటతో వ్యాసంగము విస్తరించినది.

కూర్చు విధానమిది. లోహపు లేక ప్లాస్టిక్కు పెట్టె, అందు సర్క్యూటు బోర్డు, దానిపై రంధ్రములు గల పలక, రంధ్రములలో స్విచ్చులు, పైన మీటల తొడుగులు. స్విచ్చి కాళ్లను బోర్డునకు టంకము పెట్టి అతుకుదురు. టంకముతో పనిలేక గుచ్చుటకు వీలైన బోర్డులును గలవు. ఓపిక గలవారు ప్రతి స్విచ్చిని విప్పి, సన్నని కుంచెతో కందెన పూసి, మరల బిగింతురు. 87 మీటల పలకకు 87 మాఱులు ఈ పని చేయవలెను. కొనుగోలును విచిత్రమే. నమూనా నచ్చినవారందఱు ముందుగా సొమ్ము కట్టుదురు; తగినంత మంది చేరినపుడే తయారీ మొదలగును. మన చీటీపాటలవలె ఇదియు నమ్మకముపై నడచునది. వస్తువు చేరుటకు ఏడాదికి మించిన సందర్భములును, నిర్వాహకుడు చేతులెత్తగా సొమ్ము పోయిన సందర్భములును కలవు. ఆశపడువారు ఇది యెఱిగి దిగవలెను.

ఇక తొడుగుల సంగతి తెలుగువారికి ముఖ్యము. తొడుగుపై అక్షరము నిలుపు పద్ధతులలో రెండు ప్రధానములు. రెండు రంగుల ప్లాస్టిక్కును రెండుమాఱులు పోతపోయుట మొదటిది. దీనికి ప్రతి యక్షరమునకు వేఱు అచ్చు కావలెను గావున వేలమంది కొన్నగాని గిట్టుబాటు గాదు. వేడిచే రంగును ప్లాస్టిక్కులోనికి ఇంకించుట రెండవది. దీనికి బొమ్మ గీసిన చాలును. కొలదిమంది కొఱకైనను చేయవచ్చును, అక్షరమును త్వరగా అఱగదు. జపాను, కొరియా, రష్యా లిపుల తొడుగులు ఈ వ్యాసంగమున సాధారణములు. అల్పసంఖ్యాకుల లిపికి రెండవ పద్ధతియే దారి.

తెలుగు మీటల వరుస యెట్లుండవలెనను ప్రశ్నకు సమాధానము పూర్వమే కలదు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో నిర్ణయించి 1988లో సవరించిన ‘ఇన్‌స్క్రిప్టు’ వరుస 1991 నాటి భారతీయ ప్రమాణములో జేరినది. గుణింతములు ఎడమచేతికి, హల్లులు చాలవఱకు కుడిచేతికి వచ్చును. ఆంగ్ల ‘కె’ మీటపై క, షిఫ్టుతో ఖ. ‘ఎన్’ మీటపై ల, షిఫ్టుతో ళ. ఇందలి గొప్ప విశేషము, భారతీయ లిపులన్నిటికి వరుస యొక్కటియే యగుట. బరంపురమున ఒడియా క కారమునకును, షోలాపురమున దేవనాగరి క కారమునకును నేర్చిన మీటయే తెలుగు క కారమునకును పనికివచ్చును. కర్ణాటకమున కె.పి. రావు రూపొందించిన వరుసయు, తమిళనాట 1999లో నిర్ణయమైన ‘తమిళ్99’ వరుసయు వాడుకలో నున్నవి గావున అచ్చటి పిల్లలకు కొంత క్రొత్త సాధన తప్పదు. కీబోర్డు నిజమునకు అక్షరమును పంపదు. ఏ మీట నొక్కబడెనో ఆ సంఖ్యను మాత్రము పంపును. అక్షరమును నిర్ణయించునది కంప్యూటరు. కావున ఏ కీబోర్డైనను తెలుగు కీబోర్డు కాగలదు. కొఱత యెల్ల తొడుగుపై కంటికి గానవచ్చు అక్షరమే.

ఆ కొఱత చిన్నది గాదు. నేటి పిల్లలు చరవాణిలో రోమను అక్షరములతో తెలుగు వ్రాయుచున్నారు. లిపి మఱచినవారిని సైతము తెలుగు వ్రాయించిన మేలు ఆ పద్ధతిదే, దానిని కాదనరాదు. కాని అందు ‘kallu’ వంటి రోమను కూర్పునకు యంత్రము చూపిన మాటలలో కల్లు ఏదో, కళ్లు ఏదో గుర్తింపవలసినది పిల్లవాడు. తెలుగు బడి దాటగనే తెలుగక్షరము కంటబడని ఊరిలో వానికి ఆ గుర్తింపు ఎచ్చటినుండి వచ్చును? తెలుగు మీటపై ల వేఱు, ళ వేఱు. వ్రేలు ఎన్నుకొననిదే మాట పడదు. ‘అమ్మ’ వ్రాయుటకు అ, మ, హలంతపు గుర్తు, మరల మ అని నాలుగు మాఱులు నొక్కవలెను. మకారము క్రింద మవత్తు ఎట్లు పుట్టుచున్నదో పిల్లవానికి అప్పుడే తెలియును.

దీనికై ప్రతి యింటను ఖరీదైన పలక యుండనక్కఱలేదు. మీటలపై అంటించు అక్షరపు చీటీలు తక్కువ వెలకే దొరకును; అవి అఱుగును, అయినను ఆరంభమునకు చాలును. సంఘములు పదిమంది చందాతో, బాగుచేసికొనుటకు వీలైన పలకను, ఇంకిన తెలుగు తొడుగులతో, బడి కొక్కటి చొప్పున నీయగలిగినచో అది తరగతులు మాఱినను నిలుచును. ఒక స్విచ్చి చెడినచో ఆ యొక్కదానినే మార్చిన సరిపోవును. లాభము లేదని పెద్ద సంస్థలు విడిచిన యంత్రమును కొలదిమంది తమ చేతుల మీదుగా నిలిపికొనిరి. హోసూరునను, బళ్లారిలోను, బరంపురమునను తెలుగు నిలిపికొనుచున్నవారికి ఆ పని తీరు పరిచితమే.