ప్రసవ గృహము – విశ్వాస సంఘము: విట్టెన్‌బర్గ్ నుండి గుంటూరు వరకు ఒక చారిత్రక పరిశీలన

పరిచయము

పరిశుద్ధ గ్రంథములో కనిపించే ప్రసవములన్నీ ఆసుపత్రి లేని లోకములో జరిగినవే. ఐగుప్తులో దేవునికి భయపడిన షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేర్లు గ్రంథములో నిలిచాయి గాని అక్కడ ఫరో పేరు నిలువలేదు (నిర్గమ 1:15–21). ఎఫ్రాతా మార్గములో రాహేలు వేదన పడుచుండగా ఆమెకు ధైర్యము చెప్పినది మంత్రసాని. అయినను ఆ తల్లి బ్రతుకలేదు (ఆది 35:16–19). బేత్లెహేములో రూతుకు కుమారుడు పుట్టినప్పుడు దేవుని స్తుతించి బిడ్డకు పేరు పెట్టినది ఇరుగుపొరుగు స్త్రీలు (రూతు 4:14–17). నేర్పు గల చేయి, తోడు, ప్రార్థన, వీటితోపాటు మరణము కూడా వచ్చుటకు అవకాశము – ఇంటి ప్రసవ చరిత్ర అంతా ఈ నాలుగింటి మధ్యనే నడిచినది.

నేడు మన సంఘములలో రెండు ధోరణులు కనిపించుచున్నవి. ప్రసవము వైద్యుల పని, కాపరికి బాప్తిస్మము లేక ప్రతిష్ఠ రోజున మాత్రమే పని ఉన్నదనుకొనుట ఒకటి. విశ్వాసము ఉన్నవారికి ఆసుపత్రి అవసరము లేదని బోధించుట రెండవది. ఈ రెండింటినీ సంఘ చరిత్ర ఒప్పుకొనదని చూపించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. సంస్కరణకు ముందు ప్రసవ గృహము

మధ్యయుగపు ఐరోపాలో ప్రసవ గది స్త్రీల గది. మంత్రసాని, తల్లి, అక్కచెల్లెండ్రు, ఇరుగుపొరుగు స్త్రీలు ఆ గదిలో ఉండేవారు. పురుషులు సాధారణముగా బయటనే ఉండేవారు. భయము ఎక్కువ గనుక ఆశ్రయములు కూడా ఎక్కువే. ఘటసర్పము మ్రింగినను క్షేమముగా బయటికి వచ్చెనని చెప్పబడిన పరిశుద్ధ మార్గరెట్ గర్భిణీ స్త్రీలకు రక్షకురాలని నమ్మేవారు. ఆమె చరిత్రను నొప్పులు పడుచున్న స్త్రీ యొద్ద చదివేవారు. ప్రార్థనలు వ్రాసిన పొడవైన తోలు పట్టీలను ఆమె నడుమునకు చుట్టేవారు.

అన్నిటికంటె పెద్ద భయము బాప్తిస్మము పొందకుండ చనిపోయే శిశువును గూర్చినది. అట్టి శిశువు పరలోకములో ప్రవేశింపదని బోధ ఉండెను. సంఘ శ్మశానములో కూడా దానికి చోటు ఉండేది కాదు. అందువలన ప్రాణాపాయ సమయమున మంత్రసానియే బాప్తిస్మము ఇచ్చుటకు సంఘము అనుమతించినది. బిడ్డను కోల్పోయిన తల్లికి దుఃఖముతోపాటు ఆ బిడ్డ నిత్యత్వమును గూర్చిన భయము కూడా మిగిలేది.

2. లూథర్: 1522 నుండి 1542 వరకు

1522లో వివాహ జీవితమును గూర్చి వ్రాసిన గ్రంథములో లూథర్ ప్రసవ గృహమును నేరుగా ప్రస్తావించారు. నొప్పులు పడుచున్న స్త్రీని మార్గరెట్ కథలతో కాక దేవుని వాక్యముతో ఓదార్చవలెనని ఆయన సలహా. ఆమె చేయుచున్నది దేవుడు అప్పగించిన పని, ఆ పనిలో దేవుడు ఆమెతో ఉన్నాడు, కాబట్టి ధైర్యము వహించి తన శక్తి అంతా వినియోగింపవలెనని ఆయన చెప్పారు. మఠములో చేయు ప్రార్థనకంటె ప్రసవము తక్కువ పని కాదన్నది దీని భావము. అదే గ్రంథములో, విశ్వాసముతో బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూచి లోకము నవ్వినను దేవుడు సంతోషించునని కూడా వ్రాశారు. ఈ విధముగా పురుషుడు కూడా శిశుపోషణలో బాధ్యుడయ్యాడు.

ఒక విషయము దాచకూడదు. ప్రసవములో స్త్రీ మరణించినను అది దేవుని పనిలో మరణమేనని లూథర్ అక్కడ అన్నారు. నేటి చెవికి ఇది కఠినము. ఆ మాటలు వ్రాసినప్పుడు ఆయన అవివాహితుడు. 1525లో కాథరీనాను వివాహమాడిన తరువాత ఆ ఇంట ఆరుగురు బిడ్డలు పుట్టారు. 1527లో పుట్టిన ఎలిజబెత్ మరుసటి సంవత్సరమే చనిపోయినది. 1540లో కాథరీనాకు గర్భస్రావము జరిగి ఆమె మరణపు అంచువరకు వెళ్ళినది. 1542లో పదమూడేండ్ల మాగ్దలేనా కన్నుమూసినది.

ఆ 1542లోనే, ప్రసవము సఫలము కాని స్త్రీల కొరకు లూథర్ ఒక చిన్న ఓదార్పు రచన ప్రచురించారు. కాపరులు తప్పక తెలిసికొనవలసిన రచన ఇది. ఆయన వాదనలో మూడు మెట్లు ఉన్నవి. మొదటిది, తన నిర్లక్ష్యము లేకుండ బిడ్డను కోల్పోయిన తల్లిని నిందింపరాదు, భయపెట్టరాదు. దేవుడు ఆమెపై కోపగించెనని చెప్పరాదు. రెండవది, బిడ్డ కొరకు ఆమె హృదయములోని కోరికయే ప్రార్థన. మాటలకు అందని మూలుగులను ఆత్మయే దేవుని యెదుట ఉంచును (రోమా 8:26–27). ఎఱ్ఱ సముద్రము ఒడ్డున మోషే పెదవి విప్పకపోయినను దేవుడు దానిని మొరగా విన్నాడు (నిర్గమ 14:15). మూడవది, నాయీను విధవరాలి కుమారుడు తన స్వంత విశ్వాసముచేత లేవలేదు (లూకా 7:11–15). అలాగే తల్లి మూలుగు బిడ్డ కొరకు వినబడును. 1522లో నొప్పులు పడు తల్లికి ధైర్యము చెప్పిన బోధకుడు ఇరువది ఏండ్ల తరువాత ఖాళీ ఊయల ప్రక్కన కూర్చున్న తల్లికి తోడుగా నిలిచాడు.

3. సంఘము మంత్రసానిని మరువలేదు

సంస్కర్తలు తాయెత్తులను తీసివేశారు గాని నేర్పు గల చేతిని తీసివేయలేదు. లూథర్ సహచరుడు బూగెన్‌హాగెన్ 1528లో బ్రౌన్‌ష్వైగ్ పట్టణమునకు వ్రాసిన సంఘ క్రమములో బోధకులు, పాఠశాలలు, బీదల నిధితోపాటు మంత్రసానులను గూర్చి కూడా ఒక భాగమున్నది. సంఘము పట్టించుకొనవలసిన సేవలలో పురుడు పోయుట ఒకటిగా లెక్కింపబడినది.

అత్యవసర బాప్తిస్మము విషయములో దారులు వేరైనవి. లూథరన్లు దానిని కొనసాగించారు. కాల్విన్ నిరాకరించారు, విశ్వాసుల బిడ్డ దేవుని నిబంధనలో పుట్టుకతోనే ఉన్నది గనుక నీరు అందలేదని రక్షణ పోదని ఆయన వాదించారు. ఆయన భార్య ఇడెలెట్‌కు 1542లో నెలలు నిండకుండ పుట్టిన కుమారుడు కొద్ది దినములలోనే చనిపోయాడు. మార్గములు రెండైనను తల్లి భయమును తీర్చవలెనన్న భారము ఒక్కటే.

ఆంగ్లికన్ సంఘములో మార్పు ఒక శీర్షికలోనే కనిపించును. 1549 ప్రార్థన పుస్తకములో బాలింత ఆలయమునకు వచ్చు ఆరాధనకు స్త్రీల శుద్ధీకరణ అని పేరు (లేవీ 12, లూకా 2:22–24). 1552లో అది ప్రసవము తరువాత స్త్రీల కృతజ్ఞతార్పణగా మారినది. మైల అను తలంపు వెనుకకు పోయి స్తుతి ముందుకు వచ్చినది.

4. 1847: నొప్పి, జ్వరము

1847లో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవ నొప్పి తగ్గించుటకు క్లోరోఫామ్ ఉపయోగించారు. ఆదికాండము 3:16ను బట్టి ఇది దైవచిత్తమునకు విరుద్ధమను ఆక్షేపణకు అదే సంవత్సరము ఒక పుస్తకముతో జవాబిచ్చారు. ముండ్లతుప్పలను పెరికివేయుట పాపము కానప్పుడు (ఆది 3:18) నొప్పిని తగ్గించుట ఎట్లు పాపమగును? ఆదామునకు గాఢనిద్ర కలుగజేసినవాడు దేవుడే గదా (ఆది 2:21)? శాపమును వర్ణించు వచనమును ఆజ్ఞగా చదువరాదన్నదే ఆ వాదనలోని వ్యాఖ్యాన సూత్రము.

అదే 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ మరియొక సత్యము కనుగొన్నారు. శవపరీక్షలు చేసి వచ్చు వైద్య విద్యార్థుల వార్డులో బాలింత జ్వరముతో చనిపోయేవారు మంత్రసానుల వార్డులో కంటె చాల ఎక్కువ. చేతులు క్లోరిన్ ద్రావణముతో కడుగుకొనుట మొదలుపెట్టగానే మరణములు తగ్గాయి. ఆ కాలమున ఆసుపత్రి కంటె ఇల్లే క్షేమమని తలంచినవారు తెలివితక్కువవారు కారు. చేతుల శుభ్రత, రక్తమార్పిడి, మందులు వచ్చిన తరువాతనే పరిస్థితి తారుమారైనది.

5. గుంటూరు

1842లో హయ్యర్ గుంటూరుకు రావడముతో లూథరన్ సేవ తెలుగు నేలపై మొదలైనది. ఇక్కడ కూడా కాన్పు పుట్టింటిలో మంత్రసాని చేతిమీదుగా జరిగేది. బిడ్డ అడ్డము తిరిగినా, రక్తస్రావము ఆగకపోయినా ఆమె చేయగలిగినది కొంచెమే. పురుష వైద్యుని అనేక కుటుంబములు అంగీకరించేవి కావు. 1890లలో తిండివనములో ఒకే రాత్రి మూడు ఇండ్లవారు స్త్రీ వైద్యురాలి కొరకు వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళుట, ఆ ముగ్గురు గర్భిణులు చనిపోవుట అయిడా స్కడర్‌ను వైద్యవిద్యకు నడిపించినది.

డా. అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో స్త్రీల కొరకు ఆసుపత్రి తెరువబడినది. 1930లో ఆమె గుంటూరులోనే మరణించారు. ఈ సేవకు ఆసుపత్రి విశ్వాసమునకు ప్రత్యామ్నాయము కాదు; విశ్వాసమే ఆసుపత్రిని కట్టించినది. ప్రార్థించువారు ఆసుపత్రికి పోరాదని నేడు బోధించువారు ఈ వారసత్వమునే కాదంటున్నారు.

6. నేటి కాపరికి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే రెండు తెలుగు రాష్ట్రములలోను నూటికి 95కు పైగా ప్రసవములు ఆసుపత్రులలో జరుగుచున్నవి. తల్లుల ప్రాణములు నిలిచినందుకు దేవునికి స్తోత్రము. అయితే అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. సహజ ప్రసవమును ప్రోత్సహించుటకు తెలంగాణలో 2017 నుండి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. ప్రసవ సమయమున స్త్రీ కోరుకొన్న తోడు ఆమె యొద్ద ఉండవలెనని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. రూతు ఇంటి పొరుగు స్త్రీలకు ఇది క్రొత్త మాట కాదు.

ప్రసవము ఇంటి నుండి ఆసుపత్రికి మారినది; దానితోపాటు సంఘము చేతిలోని సేవ కూడా జారిపోయినది. దానిని తిరిగి చేపట్టుటకు ఇంటి కాన్పుకు తిరిగి పోనక్కరలేదు. నెలలు నిండుచున్న సహోదరి పేరు సంఘ ప్రార్థనలో వినబడవలెను. తల్లి దూరముగా ఉన్న కోడలికి సంఘములోని పెద్ద స్త్రీలలో ఒకరు తోడుగా వెళ్ళవలెను. భర్తకు అతని పాలు నేర్పవలెను. శస్త్రచికిత్సతో కన్న తల్లికి విశ్వాసము తక్కువైనదని ఎవరును అనకుండ చూడవలెను. బిడ్డ దక్కని ఇంటికి కాపరి ఆ దినమే వెళ్ళవలెను. ఎవరి పాపమని వెదకక, ఆమె మూలుగును దేవుడు విన్నాడని చెప్పవలెను. ఆ చిన్న దేహమునకు సంఘ శ్మశానములో చోటును, సమాధి వద్ద ప్రార్థనను నిరాకరింపరాదు.

రాహేలు మంత్రసాని ఆమె ప్రాణము కాపాడలేకపోయినది, కాని చివరివరకు ప్రక్కన ఉన్నది. నేడు ప్రాణము కాపాడు నేర్పును దేవుడు ఇతరుల చేతులకు విస్తారముగా ఇచ్చాడు. ప్రక్కన ఉండు పని మాత్రము ఇంకను సంఘముదే.