ఊడిన చక్కు, మారని కొలత

పోయిన చలికాలం మా గరాజులో డ్రిల్ ప్రెస్ తిరుగుతుండగా చక్కు ఊడి పడింది. చక్కు అంటే డ్రిల్ బిట్టుని మూడు దవడలతో పట్టుకునే ఉక్కు ముద్ద. కిలోకి కాస్త తక్కువ బరువుంటుంది. అది బల్ల మీద గిర్రున తిరిగి, కింద పడి, నా బూటు పక్కన ఆగింది. దెబ్బేమీ తగల్లేదు కానీ చేతుల వణుకు తగ్గేసరికి చాలాసేపు పట్టింది.

ఆ మిషను 1940ల నాటిది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన సామాన్ల అమ్మకంలో కొన్నాను. చక్కు ఊడటం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ చెక్క సుత్తితో ఒక దెబ్బ వేసి మళ్ళీ ఎక్కించేశాను. ఆఫీసులో సర్వర్ ఆగిపోతే కారణం వెతక్కుండా రీస్టార్ట్ చేసి ఊరుకుంటామే, అలాగన్నమాట. మూడోసారి మాత్రం విజయవాడ ఆటోనగర్లో టర్నర్‌గా పనిచేసి రిటైరైన మా బాబాయికి ఫోన్ చేశాను.

"చక్కు మరలతో ఉందా, టేపరా?" అన్నాడు.

"టేపరే బాబాయ్."

"దాంతో పక్కకి తోసే పనేమన్నా చేశావా?"

చేశాను. చెక్క అంచులు నున్నగా చెయ్యడానికి చక్కులో గరుకు కాగితం చుట్టిన డ్రమ్ము బిగించి గంటలకొద్దీ వాడాను.

"అదేరా మరి. అది కిందకి నొక్కే పనికే. పక్కకి తోస్తే పట్టు వదిలేస్తుంది. సరే, దాని టేపర్ నంబరెంతో చూసి చెప్పు."

ఏ కంపెనీదని గానీ, ఎన్నేళ్ళ మిషనని గానీ అడగలేదు. ఆ నంబరొక్కటే అడిగాడు. ఎక్కడో ఎనభై ఏళ్ళ క్రితం తయారైన మిషనుకి ఒక్క నంబరు ఎలా సరిపోతుందన్న ప్రశ్నతో చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ముందు టేపర్ సంగతి. వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడితే బిగుసుకుపోయి, విడదియ్యడానికి తంటాలు పడతాం కదా. అదే సూత్రం. కడ్డీ చివర కొద్దిగా సన్నబడుతూ ఉంటుంది. చక్కులో దానికి సరిపోయే గుంట ఉంటుంది. వాలు తగినంత తక్కువగా ఉంటే, నొక్కిన కొద్దీ రాపిడి వల్లే బిగుస్తుంది. మరలు, మేకులు అక్కర్లేదు.

ఈ సూత్రాన్ని వర్క్‌షాపుల్లో స్థిరపరిచింది అమెరికాలోని మసాచుసెట్స్‌కి చెందిన స్టీఫెన్ మోర్స్. అంతకుముందు లోహానికి బెజ్జం వెయ్యాలంటే ఎక్కువగా కమ్మరి కొలిమిలో సాగగొట్టిన బల్లపరుపు మొన వాడేవాళ్ళు. మోర్స్ 1863లో మెలితిరిగిన గాడులున్న డ్రిల్ బిట్టుకి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ మనం వాడేది అదే. 1864లో కంపెనీ పెట్టాడు. అది తర్వాత తిమింగలాల వేటకి పేరుపడ్డ న్యూ బెడ్‌ఫర్డ్ ఊళ్ళో స్థిరపడింది. పెద్ద బిట్ల వెనక భాగానికి ఆయన పెట్టిన వాలునే ఇప్పటికీ మోర్స్ టేపర్ అంటారు.

రెండో మనిషి ఆర్థర్ జేకబ్స్. పాత చక్కుని స్పానర్‌తో బిగిస్తూ వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి, విసుగొచ్చి కొత్తది ఆలోచించాడని ఒక కథ ఉంది. పేటెంట్ వచ్చింది 1902లో. పళ్ళున్న చిన్న తాళంతో తిప్పితే మూడు దవడలూ ఒకేసారి ముందుకొచ్చి బిట్టుని పట్టుకునే చక్కు అది. మన ఊళ్ళో ఎలక్ట్రీషియన్ డ్రిల్లుకి దారంతో కట్టుకుని తిరిగే తాళం ఆ కుటుంబానిదే. చక్కు వెనక గుంటకి జేకబ్స్ టేపర్లని వేరే వరస ఉంది.

నా మిషను కడ్డీని కొలిస్తే లావు వైపు 0.624 అంగుళాలు వచ్చింది. పట్టికలో 6వ నంబరు జేకబ్స్ టేపర్ ఎదురుగా 0.6241 కనపడింది. సంబరంగా చక్కు తెప్పించాను. తొడిగితే వదులుగా గలగలలాడింది. మళ్ళీ చూస్తే ఆ 0.6241 అనేది 6వ నంబరు సన్నని చివర కొలత. నా కడ్డీది 33వ నంబరు. దాని లావు చివర 0.6240, సన్నని చివర 0.5605. ఒకే చివర కొలిచి తీర్పు చెప్పడం నా తప్పు. రెండు చివరలూ, మధ్య పొడవూ కొలిస్తేనే టేపర్ తెలుస్తుంది.

ఆ పట్టికలోనే నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. మోర్స్ టేపర్లన్నీ అడుగు పొడవుకి 5/8 అంగుళం, అంటే 0.625 వాలుకి దగ్గర్లోనే ఉంటాయి. కానీ 1వ నంబరుది 0.59858. 2వది 0.59941. 3వది 0.60235. 4వది 0.62326. ఏ రెండూ కలవవు. కావాలని ఎవరూ ఇలా పెట్టుకోరు. మొదట తయారైన గేజిలు ఎలా వచ్చాయో అవే ప్రమాణమైపోయాయని మెషినిస్టులు చెప్పుకుంటారు. తర్వాత సరిదిద్దడం కష్టమేమీ కాదు. సరిదిద్దితే మాత్రం అప్పటికే వర్క్‌షాపుల్లో ఉన్న బిట్లు, మిషన్లు కొత్తవాటితో కలవవు. అందుకే ఆ వంకర అంకెలనే ఐదు దశాంశ స్థానాల దాకా రాసిపెట్టుకుని అందరూ పాటించారు. నా ఉద్యోగంలో పాత కోడ్‌లో ఇలాంటివి కనపడితే "ఎవడ్రా రాసింది" అని తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆగి, దాన్ని నమ్ముకుని ఎవరెవరున్నారో చూస్తున్నాను.

రిపేరు పెద్ద పనేం కాలేదు. చక్కు జారి తిరిగినచోట కడ్డీ మీద గీతలు పడి, లోహం చిన్న గడ్డల్లా లేచింది. నీలం రంగు పల్చగా పూసి, చక్కు తొడిగి తీస్తే రంగు ఆ గడ్డల మీదే చెరిగింది. అంటే పట్టంతా వాటి మీదే ఉంది. సన్నటి నూనె రాయితో గడ్డలవరకే అరగదీశాను. గీతల జోలికి పోలేదు. పల్లం వల్ల నష్టం లేదు, మిట్టతోనే చిక్కని బాబాయి ముందే చెప్పాడు. పాత చక్కు దవడలు మూతి దగ్గర అరిగి వెడల్పయ్యాయి కాబట్టి 33వ నంబరుది కొత్తది కొన్నాను. జిడ్డు లేకుండా తుడిచి, దవడలు లోపలికి లాగి, చెక్క అడ్డం పెట్టి ఒక్క దెబ్బ.

కడ్డీ బేరింగు కూడా మార్చాను. దాని సైజు 203. లోపల 17 మిల్లీమీటర్లు, బయట 40, వెడల్పు 12. అంగుళాలు తప్ప ఒప్పుకోని ఈ దేశపు మిషనులో మిల్లీమీటర్ల బేరింగు! అదీ ఒక ఒప్పందమే. ఈ సైజుది ఆటోనగర్లోనూ దొరుకుతుంది. ముందు 0.020 అంగుళం ఉన్న చక్కు ఊగిసలాట ఇప్పుడు 0.004కి దిగింది. పాత మిషనుకి అది చాలు.

బాబాయికి వీడియో చూపించాను. తను చేసిన షాపులో లేత్‌కి ప్రాగా చక్కు ఉండేదని గుర్తుచేసుకున్నాడు. 1943లో సికింద్రాబాద్‌లో పెట్టిన ప్రాగా టూల్స్ ఇప్పుడు పాతవాళ్ళ మాటల్లోనే వినపడుతుంది. "కానీ ఆ లేత్ వెనక మోర్స్ టేపర్‌లో ఇవాళ కొన్న బిట్టు పెట్టినా కూర్చుంటుంది," అన్నాడు.

నా తర్వాత ఈ మిషను ఎవరి గరాజుకి పోతుందో తెలీదు. మోటారు పక్కన మార్కర్‌తో రాసిపెట్టాను: జేకబ్స్ 33. బేరింగు 203. పక్కకి తొయ్యొద్దు.