డగ్లస్ ఫర్ వృక్షాలపై లైకెన్ల అంతస్తులు

అమెరికా వాయవ్య ప్రాంతంలోని ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో నాలుగైదు శతాబ్దాల వయసున్న డగ్లస్ ఫర్ వృక్షాలు 60 మీటర్లకు పైగా ఎదుగుతాయి గనుక, వాటి పైకొమ్మల మీద ఏయే లైకెన్లు పెరుగుతాయన్నది చాలాకాలం పాటు రాలిపడిన కొమ్మలను బట్టి, నరికిన మానులను బట్టి ఊహించవలసి వచ్చేది. లైకెన్ అంటే ఒక శిలీంధ్రమూ, దానికి ఆహారం సమకూర్చే శైవలమూ కలిసి ఒకే దేహంగా జీవించే ప్రాణి. తెలుగువారు మసాలాలో వాడే రాతిపువ్వు కూడా ఈ కోవకే చెందుతుంది. ఈ సహజీవనాన్ని స్విస్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1860లలోనే ప్రతిపాదించినా, మహావృక్షాల తలల మీద దాని పాత్ర ఏమిటో తెలియడానికి మరో నూరేళ్లు పట్టింది.

1970ల ఆరంభంలో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం డెనిసన్ బృందం, పర్వతారోహకుల తాళ్లనూ పద్ధతులనూ చెట్లకు అనువుగా మలచుకొని, హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగాత్మక అరణ్యంలో పైకొమ్మలదాకా చేరింది. అక్కడ విస్తారంగా కనిపించిన లొబేరియా ఒరెగానా అనే వెడల్పాటి ఆకుల వంటి లైకెన్‌లో, ఆకుపచ్చ శైవలంతో పాటు నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ శైవలం కూడా చిన్న చిన్న గుళికలుగా ఉండి గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతుంది. అది రాలి కుళ్లినప్పుడు ఆ నత్రజని నేలకు చేరుతుంది. సారం తక్కువైన ఆ నేలల్లో అంతటి మానులకు పోషణ కొంతవరకు కొమ్మల మీదినుంచే దిగివస్తున్నదన్న సంగతి ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైనది.

చెట్టు మొదట నీడా తేమా ఎక్కువైన చోట నాచులు, ఎండా గాలీ తగిలి త్వరగా ఆరిపోయే పైభాగాన వెంట్రుకల్లా వేలాడే లైకెన్లు, వెలుతురూ తడీ రెండూ చాలినంత దొరికే నడిమి భాగాన లొబేరియా పెరుగుతాయి. అయితే ఈ వరుస స్థిరమైనది కాదు. 1993లో బ్రూస్ మెక్‌కూన్ వేర్వేరు వయసుల అడవులను పోల్చి, అడవి ముదిరే కొద్దీ ఈ మండలాలు పైకి జరుగుతాయనీ, ఒకే ఎత్తున కాలక్రమంలో వచ్చే మార్పు, ముసలి చెట్టు పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు కనిపించే మార్పును పోలి ఉంటుందనీ ప్రతిపాదించాడు. 1995లో వాషింగ్టన్ రాష్ట్రంలోని విండ్ రివర్ వద్ద నెలకొల్పిన భారీ క్రేన్, పరిశోధకులను తొట్టిలో నిలబెట్టి తాడెక్కలేని కొమ్మల చివర్లకు కూడా చేర్చింది.

లొబేరియా ముదురు అడవిలోనే ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్న మాత్రం మిగిలింది. స్టీఫెన్ సిలెట్, మెక్‌కూన్, వారి సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, లేత అడవుల్లోని కొమ్మలకు చేర్చితే అది అక్కడా నిలదొక్కుకుంటుంది. దాని కొరత పరిసరాల లోపం వల్ల కాక, బరువైన ముక్కలు గాలిలో దూరం పోలేకపోవడం వల్ల ఏర్పడినది. అందుచేత నరికే అడవిలో అక్కడక్కడా పాత చెట్లను వదిలివేస్తే, వాటి చుట్టూ ఎదిగే కొత్త చెట్లకు లొబేరియా ఆ ముసలి కొమ్మల నుంచే చేరగలుగుతుంది.